ముందు మడవ, వెనక మడవ

2000 సెప్టెంబరులో అమెరికాలో ఒక పెద్ద మందుల పరీక్ష ఇంకా నడుస్తూ ఉండగానే, దాన్ని కనిపెట్టుకుని ఉన్న నిపుణుల సంఘం అందులో ఒక బిళ్ళను ఆపేయమంది. ఆ బిళ్ళ ఆమ్లోడిపిన్. తెలుగు ఊళ్ళలో ‘బీపీ బిళ్ళ’ అనగానే మందుల షాపు కుర్రాడి చెయ్యి ముందుగా వెళ్ళేది దాని మీదికే.

ఆ పరీక్ష పేరు చాంతాడంత ఉంటుంది గనక డాక్టర్లు దాన్ని ‘ఆస్క్’ అని పిలుచుకుంటారు. రక్తపోటుతో కిడ్నీలు దెబ్బతిన్న 1,094 మంది నల్లజాతి అమెరికన్లు అందులో చేరారు. 436 మందికి రామిప్రిల్ ఇచ్చారు, 441 మందికి మెటోప్రొలాల్, 217 మందికి ఆమ్లోడిపిన్. మూడు గుంపుల్లోనూ బీపీ చక్కగా దిగింది. ఇంకా విశేషమేమిటంటే, మొదటి మూడు నెలల్లో ఆమ్లోడిపిన్ వేసుకున్నవాళ్ళ కిడ్నీలే రక్తాన్ని ఎక్కువగా వడకట్టాయి. చూసినవాళ్ళకు ఇదే మంచి మందనిపించే ఘట్టం అది. ఆ తర్వాత లెక్క తిరగబడింది. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్ళలో ఆమ్లోడిపిన్ గుంపు కిడ్నీలు తొందరగా క్షీణిస్తూ వచ్చాయి. కిడ్నీ పనితనం బాగా పడిపోవడం, డయాలిసిస్ దాకా రావడం, మరణం, ఈ మూడింటినీ కలిపి లెక్కేస్తే రామిప్రిల్ గుంపుకు ముప్పు 38 శాతం తక్కువని తేలింది.

చేతి పట్టీలో కనిపించే బీపీ అందరిదీ ఇంచుమించు ఒకటే. మరి కిడ్నీల గతి వేరెందుకైంది? చేతి దగ్గర కొలిచే పోటు, కిడ్నీ లోపల సన్నని రక్తనాళాలు మోసే పోటు ఒకటి కావన్నది దానికి సమాధానం. అది అర్థం కావాలంటే ముందు కాల్షియం సంగతి తెలియాలి.

కాల్షియం అంటే ఎముకలు, పళ్ళు, పాలు అని చిన్నప్పటి నుంచీ వింటాం. కండరాన్ని ముడుచుకోమని చెప్పేది కూడా అదేనని లోకానికి తెలిసింది ఒక పొరపాటు వల్ల. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తుండేవాడు. గుండె హాయిగా కొట్టుకుంది. ఆ సంగతి 1882లో పత్రికలో అచ్చేయించాడు కూడా. తీరా చూస్తే సహాయకుడు స్వేదనజలం బదులు కుళాయి నీళ్ళతో ద్రావణం కలిపాడని బయటపడింది. అసలైన స్వేదనజలంతో చేస్తే గుండె కాసేపటికే చప్పబడి ఆగిపోయింది. లండన్ కుళాయి నీళ్ళలో ఉండి స్వేదనజలంలో లేనిది ఏమిటని వెతికితే దొరికినది కాల్షియం. 1883లో రింగర్ తన పాత మాటను తానే సరిదిద్దుకుంటూ మళ్ళీ రాశాడు. ఈనాటికీ ఆస్పత్రుల్లో ఎక్కించే ‘రింగర్ లాక్టేట్’ సీసా మీద ఉన్నది ఆయన పేరే.

కణం బయట కాల్షియం ఎంత ఉంటుందో, లోపల అందులో సుమారు పదివేలో వంతే ఉంటుంది. కట్ట తెగితే ఊరంతా ముంచే చెరువును గోడకవతల పెట్టుకుని ఉన్నట్టు. కణం పొరలో కాల్షియం కోసం ప్రత్యేకంగా చిన్న చిన్న ద్వారాలుంటాయి. అవి రెప్పపాటు తెరుచుకుంటే చాలు, కాల్షియం లోపలికి దూకుతుంది, కండరపు పోగులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, కండరం ముడుచుకుంటుంది. రక్తనాళం గోడలో ఉన్నది కూడా కండరమే. అది ముడుచుకుంటే నాళం ఇరుకవుతుంది, పోటు పెరుగుతుంది.

ఆ ద్వారాన్ని మందుతో మూయవచ్చని కనిపెట్టింది జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్. 1960ల తొలి సంవత్సరాల్లో గుండె జబ్బు కోసం తయారైన రెండు కొత్త మందులు ఆయన ప్రయోగశాలకు వచ్చాయి. ఒకటి ప్రెనిలమిన్, రెండోది వెరాపమిల్. రెండూ గుండె బలాన్ని అనుకున్నదానికన్నా ఎక్కువగా తగ్గిస్తున్నాయి. ఫ్లెకెన్‌స్టైన్‌కు ఆ తీరు ఎక్కడో చూసినట్టనిపించింది. కాల్షియం తీసేసిన గుండె అచ్చం ఇలాగే నీరసపడుతుంది కదా! కాల్షియం ఎక్కువ పోసి చూశాడు, గుండె కోలుకుంది. ఈ మందులకు ‘కాల్షియం విరోధులు’ అని పేరు పెట్టాడు. 1975లో జర్మనీ మార్కెట్లోకి నిఫెడిపిన్ వచ్చింది. అదే కుటుంబంలో పుట్టి, ఒంట్లో నిదానంగా పనిచేసి, రోజుకొక్క బిళ్ళతో సరిపోయే ఆమ్లోడిపిన్‌ను ఫైజర్ కంపెనీ 1992లో అమెరికాకు తెచ్చింది.

ఈ బిళ్ళ చరిత్రలో హైదరాబాదుకూ ఒక పేజీ ఉంది. ఫైజర్ అమ్మేది ఆమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం. డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఆమ్లోడిపిన్ మలియేట్ అనే వేరే లవణంతో అమెరికాలో అడుగుపెట్టబోయింది. పేటెంటు గడువు పొడిగింపు మలియేట్‌కు వర్తించదన్నది దాని వాదన. 2002లో న్యూజెర్సీ కోర్టు రెడ్డీస్ వైపు మొగ్గింది. 2004 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి ఫైజర్‌ను గెలిపించింది. లవణం ఏదైనా ఒంట్లో పనిచేసేది ఆమ్లోడిపినే గదా అన్నది ఆ కోర్టు ఆలోచన.

ఇక కిడ్నీ. గుప్పెడంత అవయవం, గుండె పంపే రక్తంలో అయిదో వంతు రెండు కిడ్నీలకే పోతుంది. నిమిషానికి లీటరు పైన. అక్కడ రోజుకు 180 లీటర్ల నీరు వడకట్టుకుని దిగుతుంది, అందులో లీటరున్నర తప్ప తక్కినదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల వడపోత గదులు. ఒక్కో గదిలో వెంట్రుకకన్నా ఎంతో సన్నని రక్తనాళాలు ఉండచుట్టుకుని ఉంటాయి. బడి పుస్తకాల్లో దాన్ని రక్తకేశనాళికా గుచ్ఛం అంటారు.

ఒంట్లో మిగతా చోట్ల కేశనాళికలకు ముందు ధమని, వెనక సిర ఉంటాయి. ఈ గుచ్ఛానికి ముందు ఉన్నదీ ధమనిక అనే సన్నని ధమనే, వెనక ఉన్నదీ అదే. రక్తాన్ని తెచ్చేది అభివాహి, తీసుకుపోయేది అపవాహి. రెండు వైపులా బిగించగల తలుపులున్న గది ఇది. వరి మడి చూసినవారికి దీన్ని వేరే బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు. బోదె నుంచి మడిలోకి నీళ్ళు వచ్చే మడవ ఒకటి, కింది మడిలోకి పోయే మడవ ఇంకొకటి. మడిలో ఎంత నీరు నిలవాలో ఆ రెండింటి వెడల్పును బట్టి ఉంటుంది. పై మడవ వెడల్పు చేసి కింది మడవ బిగిస్తే గట్టు తెగే దాకా నిండుతుంది. పై మడవ బిగిస్తే కాలువలో వరదొచ్చినా మడికి భయం లేదు.

ఈ గుచ్ఛంలో పోటు మామూలుగానే ఒంట్లో ఇతర కేశనాళికల్లో ఉన్నదానికి రెట్టింపు దగ్గర ఉంటుంది. పోటు లేకపోతే వడపోత జరగదు. మితి మీరితే ఆ సున్నితమైన పొర చిల్లులు పడుతుంది, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది, ఏళ్ళ తరబడి జారితే గుచ్ఛం మచ్చకట్టి మూసుకుపోతుంది. పోయిన గుచ్ఛం మళ్ళీ పుట్టదు. మిగిలినవి దాని పని కూడా నెత్తిన వేసుకుంటాయి, వాటిలో పోటు ఇంకా పెరుగుతుంది, అవీ పోతాయి. బోస్టన్‌లో బారీ బ్రెన్నర్ బృందం 1982లో ఈ విషవలయాన్ని సిద్ధాంతంగా వివరించింది.

మరి బీపీ రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది గదా, గుచ్ఛం ఎలా తట్టుకుంటోంది? పై మడవ దగ్గర నిద్రపోని కాపలాదారు ఉన్నాడు. 1902లో విలియం బేలిస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. సన్నని ధమనిని లోపలి పోటుతో సాగదీస్తే అది రబ్బరులా సాగి ఊరుకోదు, ఎదురు తిరిగి ముడుచుకుంటుంది. కిడ్నీలో అభివాహి ధమనిక ఈ పనిలో ఆరితేరినది. సగటు రక్తపోటు 80 నుంచి 180 వరకు ఎటు ఊగినా గుచ్ఛంలోకి వెళ్ళే రక్తం దాదాపు ఒకే తీరున ఉండేలా క్షణక్షణం తనను తాను బిగించుకుంటూ వదులుతూ ఉంటుంది. గోదావరి డెల్టాలో లాకుల దగ్గర లస్కరు చేసే పనే ఇది. కాకపోతే ఈ లస్కరుకు చాకిరీ రాత్రీపగలూ, పుట్టినప్పటి నుంచి.

గోడ సాగగానే ముడుచుకోమని ఆ కండరానికి కబురు మోసుకెళ్ళేది ఎవరు? కాల్షియం. ఏ ద్వారం గుండా? సరిగ్గా ఆమ్లోడిపిన్ మూసే ద్వారం గుండానే. చిక్కంతా ఇక్కడుంది. ఎల్-రకం అనే ఆ కాల్షియం ద్వారాలు పై మడవ గోడలో దండిగా ఉన్నాయి, కింది మడవకు బిగువు చాలావరకు ఇతర దారుల్లో, ముఖ్యంగా యాంజియోటెన్సిన్ అనే హార్మోను వల్ల వస్తుంది. అందువల్ల ఆమ్లోడిపిన్ వేసుకుంటే పై మడవ బార్లా తెరుచుకుంటుంది, కింది మడవ బిగువుగానే ఉండిపోతుంది. కాలువలో నీటిమట్టం తగ్గింది నిజమే, కానీ ఉన్న మట్టమంతా ఇప్పుడు అడ్డూ ఆపూ లేకుండా మడిలోకి వస్తుంది. మొదటి మూడు నెలల్లో వడపోత పెరిగినట్టు కనిపించడానికి కారణం ఇదే. తర్వాత ప్రొటీన్ ఎక్కువ పోవడానికీ ఇదే కారణం.

చికాగోలో కరెన్ గ్రిఫిన్, అనిల్ బిదానీ దీన్ని ఎలుకల్లో నిరూపించారు. కిడ్నీ చాలాభాగం తీసేసిన ఎలుకల ఒంట్లో రేడియో యంత్రాన్ని అమర్చి, రేయింబవళ్ళు బీపీ ఎంతుందో రాసుకున్నారు. కాల్షియం ద్వారాలను మూసే మందు ఇచ్చిన ఎలుకల్లో బీపీ కొంచెం పెరిగినా గుచ్ఛాలకు తగిలే దెబ్బ ఎన్నో రెట్లుగా ఉంది. కాపలాదారు లేని మడి అది. 1995లో అచ్చయిన ఆ వ్యాసం చదివినవారికి ‘ఆస్క్’ ఫలితం అంతగా ఆశ్చర్యం కలిగించి ఉండదు.

బ్రెన్నర్ బృందం 1986లో చేసిన ఇంకో ప్రయోగం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కొన్ని ఎలుకలకు ఎనలాప్రిల్, మరికొన్నింటికి మూడు మందుల జోడింపు ఇచ్చారు. ఆ మూడింట్లో ఒకటి సర్పగంధ వేరు నుంచి వచ్చిన రిసర్పిన్. రెండు గుంపుల్లోనూ బీపీ సమానంగా దిగింది. అయినా గుచ్ఛంలో పోటు దిగింది ఎనలాప్రిల్ గుంపులోనే, కిడ్నీ మచ్చకట్టకుండా నిలిచిందీ అదే. కారణం ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి ‘ప్రిల్’ మందులూ, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి ‘సార్టాన్’ మందులూ యాంజియోటెన్సిన్ పట్టును వదిలిస్తాయి. అంటే కింది మడవను తెరుస్తాయి.

మనుషుల్లో దీనికి గట్టి సాక్ష్యం 2001లో వచ్చింది. షుగరు వల్ల కిడ్నీ చెడిన 1,715 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇర్బిసార్టాన్, ఒక గుంపుకు ఆమ్లోడిపిన్, ఇంకో గుంపుకు ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. బీపీ అదుపు కోసం అందరికీ ఇతర మందులూ అందాయి. రెండున్నరేళ్ళ పైచిలుకు చూస్తే, కిడ్నీ విషయంలో ఆమ్లోడిపిన్ ఉత్తుత్తి బిళ్ళకన్నా మెరుగనిపించుకోలేదు. ఇర్బిసార్టాన్ ముప్పును ఉత్తుత్తి బిళ్ళ కన్నా 20 శాతం, ఆమ్లోడిపిన్ కన్నా 23 శాతం తగ్గించింది. అదే పరీక్షలో గుండెపోట్లు మాత్రం ఆమ్లోడిపిన్ గుంపులో ఉత్తుత్తి బిళ్ళ గుంపులో కన్నా తక్కువ. ఒకే మందు గుండెకు గొడుగు పట్టి కిడ్నీ దగ్గర చేతులెత్తేసిందన్నమాట.

ఇంతవరకు చదివి ఆమ్లోడిపిన్ స్ట్రిప్పును చెత్తబుట్టలో పారేస్తే అది పెద్ద తప్పు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు చేసేవాళ్ళు ఉన్నారు. మూత్రంలో ప్రొటీన్ పోనివారి సంగతి వేరు. 2002 డిసెంబరులో ఫలితాలు వచ్చిన ‘ఆల్‌హాట్’ పరీక్షలో 33,357 మంది బీపీ రోగులకు క్లోర్థాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్ ఇచ్చి పోల్చారు. డయాలిసిస్ దాకా వెళ్ళినవారి లెక్కలో మూడు మందుల మధ్యా తేడా లేదు. అయితే ఆ పరీక్షలో ఎవరి మూత్రంలోనూ ప్రొటీన్ కొలవలేదు. అసలు చిక్కు ప్రొటీన్ పోయేవారిలోనే కనిపిస్తుంది గనక, ఈ లోటును గుర్తుపెట్టుకునే ఆల్‌హాట్‌ను చదవాలి.

కాలువలో మట్టమే తగ్గకపోతే మడవలు ఎంత సర్దినా ఫలితం ఉండదు. బీపీని ఏ మందుతోనైనా సరే దించడం కిడ్నీకి మొదటి మేలు. రెండు మడవలనూ కలిపి తెరిస్తే ఏమవుతుందో ‘అకాంప్లిష్’ అనే పరీక్ష చూపించింది. 11,506 మందికి బెనాజిప్రిల్ ఇచ్చి, సగం మందికి దానితోపాటు ఆమ్లోడిపిన్, మిగతా సగానికి నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిపారు. కింది మడవ అప్పటికే తెరిచి ఉంది గనక ఆమ్లోడిపిన్ ఇక్కడ మడిని ముంచలేదు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళు ఆమ్లోడిపిన్ కలిపిన గుంపులో 2.0 శాతం, రెండో గుంపులో 3.7 శాతం. ఒంటరిగా తడబడిన మందే జోడీ కుదిరాక రాణించింది.

ఈ కథలో జనాన్ని ఎక్కువగా తికమకపెట్టేది ల్యాబు కాగితం మీద, వడపోత తగ్గితే పెరిగే క్రియాటినిన్ అంకె. టెల్మిసార్టాన్ మొదలుపెట్టిన నెలకు రక్తపరీక్ష చేయిస్తే 1.3 ఉన్న క్రియాటినిన్ 1.5 అవుతుంది. ‘ఈ బిళ్ళ కిడ్నీ పాడుచేస్తోంది’ అని ఇంట్లో కంగారు, ఎవరికీ చెప్పకుండా బిళ్ళ మానేయడం. ఇక్కడ జరిగినది వేరు. కింది మడవ తెరుచుకోగానే గుచ్ఛంలో పోటు తగ్గింది, వడపోత కాస్త మందగించింది, అందువల్ల అంకె కొద్దిగా పెరిగింది. ఆ తగ్గిన పోటే కిడ్నీకి ఆయుష్షు పోసేది. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగి అక్కడే నిలబడితే డాక్టర్లు మందు ఆపరు. అంతకు మించి పెరిగినా, రక్తంలో పొటాషియం ఎక్కువైనా అప్పుడు ఆలోచిస్తారు, కిడ్నీకి వెళ్ళే ధమని ఎక్కడైనా ఇరుకైందేమో చూస్తారు. ఆమ్లోడిపిన్‌తో ఇందుకు విరుద్ధం, అంకె అందంగా కనిపిస్తూ లోపల పోటు పెరగవచ్చు. క్రియాటినిన్ ఒక్కటే చూస్తే మంచి చేసే మందు చెడ్డదిగా, జాగ్రత్త పడాల్సిన మందు మంచిదిగా కనిపిస్తుంది. ఈ మోసాన్ని బయటపెట్టేది మూత్రంలో ప్రొటీన్ పరీక్ష. 1820ల్లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంట మీద వేడిచేసి, అది గుడ్డు తెల్లసొనలా గడ్డకడుతుందేమో చూసేవాడు. రెండు శతాబ్దాల తర్వాత కూడా, చాలామంది బీపీ రోగుల ఫైళ్ళలో ఈసీజీలు కట్టలు కట్టలుగా ఉంటాయి, ఈ చవకైన మూత్రపరీక్ష కాగితం ఒక్కటే కనిపించదు. అది బాధ కలిగించే సంగతి.

కాళ్ళ వాపు ఇంకో భయం. ఆమ్లోడిపిన్ మోతాదు 10 మిల్లీగ్రాములకు పెంచాక సాయంత్రానికి చీలమండల దగ్గర వేలు నొక్కితే గుంట పడుతుంది. ‘కాళ్ళు వాచాయంటే కిడ్నీ పోయినట్టే’ అన్న మాట ఊళ్ళలో స్థిరపడి ఉంది గనక మనిషి బెంబేలెత్తుతాడు. ఈ వాపుకు కిడ్నీతో సంబంధం లేదు. ఒంట్లో ఉప్పు, నీరు పేరుకోవడం వల్ల వచ్చినదీ కాదు. నిజానికి ఈ మందులు మూత్రంలో సోడియాన్ని కొంచెం ఎక్కువగానే బయటికి పంపుతాయి. పాదాల్లోనూ కిడ్నీలో జరిగిన పనే జరిగింది. కేశనాళికలకు ముందున్న ధమనికలు తెరుచుకున్నాయి, వెనకున్న సన్నని సిరలు తెరుచుకోలేదు, పోటుకు నీరు గోడల గుండా ఊరి కణజాలంలో నిలిచింది. అందుకే నీరు తీసే బిళ్ళ ఇస్తే ఈ వాపు సరిగా పోదు, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీకే కష్టం కావచ్చు. టెల్మిసార్టాన్ లాంటిది తోడిస్తే వెనక దారి కూడా తెరుచుకుని వాపు తగ్గుతుంది. కిడ్నీ జబ్బు వాపు తరచు పొద్దున్నే కళ్ళ కింద, మొహం మీద కనిపిస్తుంది, మూత్రంలో నురగ తగ్గకుండా ఉంటుంది. మందు వాపు పొద్దుగూకేవేళకు పాదాల్లో చేరి, రాత్రి పడుకుని లేచేసరికి చాలావరకు పోతుంది.

కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఆమ్లోడిపిన్ నమ్మకమైన చుట్టం. దాన్ని విరగ్గొట్టే పని కాలేయానిది, కాబట్టి కిడ్నీ మందగించినా మోతాదు తగ్గించనక్కర్లేదు. డయాలిసిస్ యంత్రం దాన్ని తీసేయలేదు. సార్టాన్లలా పొటాషియాన్ని పెంచదు. గర్భిణికి బీపీ వస్తే ప్రిల్, సార్టాన్ మందులు కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి గనక వాటిని ముట్టుకోరు, అక్కడ నిఫెడిపిన్ ఆదుకుంటుంది. అయితే నిఫెడిపిన్ గొట్టాన్ని కొరికించి నాలుక కింద పెట్టించే పాత అలవాటు మాత్రం ప్రమాదం. ఏళ్ళ తరబడి ఎక్కువ పోటుకు అలవాటుపడ్డ కిడ్నీలో కాపలాదారు కొలతలు పైకి జరిగి ఉంటాయి. బీపీ నిమిషాల్లో కూలిపోతే అతను అందుకోలేడు, కిడ్నీకి రక్తం చాలదు, మెదడుకూ గుండెకూ అదే గతి. ఈ పద్ధతి మానాలని 1990ల మధ్యలోనే వైద్య పత్రికలు మొత్తుకున్నాయి.

కిడ్నీ మార్పిడి జరిగినవారి దగ్గర ఈ మందుల గుణమే తిరగబడి వరమైంది. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ పై మడవను బిగపట్టేస్తుంది, కిడ్నీకి రక్తం తగ్గుతుంది. అక్కడ పై మడవ తెరిచే కాల్షియం విరోధే కావాలి. పైగా డిల్టియాజెమ్, వెరాపమిల్ కాలేయంలో సైక్లోస్పోరిన్ విరిగిపోకుండా అడ్డుపడతాయి. ఆ లెక్కన తక్కువ సైక్లోస్పోరిన్‌తోనే పని జరుగుతుంది. సొంత డబ్బుతో మందు కొనుక్కోవాల్సిన మన దేశంలో ఖర్చు తగ్గించడానికి డాక్టర్లు ఈ కిటుకును వాడుకున్నారు. రక్తంలో మందు స్థాయిని కొలుస్తూ చేయాల్సిన పని అది, సొంత తెలివితో మోతాదులు మార్చేది కాదు.

భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017లో అయిదు రాష్ట్రాల్లో మొదలైంది, అందులో తెలంగాణ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మొదటి బిళ్ళగా ఆమ్లోడిపిన్‌ను పెట్టడం వెనక ఆలోచన ఉంది. ధర తక్కువ, రక్తపరీక్ష చేయకుండానే మొదలుపెట్టవచ్చు, రోజుకొక్కటి చాలు. ఒక పూట మరిచినా ఒంట్లో సగం మందు తగ్గడానికి 30 గంటల పైన పడుతుంది గనక బీపీ ఒక్కసారిగా ఎగిరిపోదు. ఇంకో గుణం తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా పనికొస్తుంది. ఆవకాయ, మాగాయ, అప్పడం, ఊరమిరపకాయ లేకుండా ముద్ద దిగని ఇళ్ళలో సార్టాన్ల బలం సగం ఉప్పులో కలిసిపోతుంది. ఆమ్లోడిపిన్ ఉప్పు ఎక్కువ తినేవారిలోనూ బీపీ దించుతుంది. బీపీ దిగింది కదా అని ఉప్పు తగ్గించకపోతే మాత్రం ప్రొటీన్ పోవడం ఆగదు, ఆ పని సార్టాన్ చేయాల్సింది, దానికి ఉప్పు పడదు. జిల్లా ఆస్పత్రిలో షుగరు కూడా ఉన్న రోగికి ఆమ్లోడిపిన్ ఒక్కటే ఏళ్ళ తరబడి రాసుకుంటూ పోతే కిడ్నీ విషయంలో సగం వైద్యమే జరిగినట్టు.

శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో వరస వేరు. అక్కడ చాలామందికి కిడ్నీ ముందు చెడుతుంది, బీపీ తర్వాత వస్తుంది. మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు, ఎందుకంటే దెబ్బ గుచ్ఛాల కన్నా వాటి వెనకుండే మూత్రనాళికల మీద ఎక్కువ. రెండు మడవల లెక్క అక్కడ పూర్తిగా అతకదు. అక్కడి రోగికి బీపీ బిళ్ళ రాసే డాక్టరు షుగరు రోగికి రాసినట్టు కళ్ళు మూసుకుని రాయలేడు.

ఈమధ్య ప్రిస్క్రిప్షన్లలో ఆమ్లోడిపిన్ స్థానంలో సిల్నిడిపిన్ తరచు కనబడుతోంది. 1990ల్లో జపాన్‌లో వచ్చిన మందిది. ఎల్-రకం ద్వారాలతోపాటు నరాల చివర ఉండే ఎన్-రకం ద్వారాలను కూడా ఇది మూస్తుంది. కింది మడవ చుట్టూ అల్లుకున్న సింపథెటిక్ నరాల కొసల్లో ఉన్నవి ఆ ద్వారాలే. అవి మూసుకుంటే నరం బిగింపు వదులుతుంది, కింది మడవ కూడా కొంత తెరుచుకుంటుంది, పాదాల వాపూ తక్కువగా వస్తుంది. జపాన్‌లో ‘కార్టర్’ అనే పరీక్షలో, అప్పటికే ప్రిల్ గానీ సార్టాన్ గానీ వేసుకుంటున్న కిడ్నీ రోగులు 339 మందికి సిల్నిడిపిన్, ఆమ్లోడిపిన్ ఇచ్చి పోల్చారు. 2007లో ఫలితాలు వచ్చాయి. బీపీ రెండిట్లోనూ ఒకేలా దిగింది, మూత్రంలో ప్రొటీన్ సిల్నిడిపిన్ గుంపులో తగ్గింది, ఆమ్లోడిపిన్ గుంపులో తగ్గలేదు. ఏడాది పాటు ప్రొటీన్‌ను కొలిచిన పరీక్ష అది, ఎవరు డయాలిసిస్ దాకా వెళ్ళారో లెక్కపెట్టేటంత పెద్దది కాదు. టెల్మిసార్టాన్‌ను, సిల్నిడిపిన్‌ను ఒకే బిళ్ళలో కలిపి అమ్మే స్ట్రిప్పులు ఇప్పుడు హైదరాబాదు నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి మందుల షాపులోనూ దొరుకుతున్నాయి.